పిగిలిపిట్ట వచ్చేదాకా

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది తొందర. ఆ తర్వాతే మనుషులు లేస్తారు. ఇంటాయన బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు వచ్చింది, ఏది కదలాలి, ఏ డ్రైవరు టీకొట్టు దగ్గర కూలబడ్డాడు, ఇవన్నీ చూసుకుంటూ మైకులో ఊళ్ళ పేర్లు చదవడం ఆయన పని. ఇంటికొచ్చినా ఆయన ఒంట్లోంచి ఆ విజిల్ పోదు. టీ తాగుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, గుండీలు పెట్టుకుంటూ చెప్పులు వెతుక్కుంటాడు. తోటివాళ్ళు వెనకాల ఆయన్ని ‘ఎక్స్‌ప్రెస్’ అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం రాకపోగా, లోలోపల కాస్త గర్వం కూడాను.

ఆరోజు ఆయన నిలబడే టిఫిను తింటున్నాడు. కూతురు పెరటి గుమ్మంలోంచి గబగబా వచ్చింది. కళ్ళు వెలిగిపోతున్నాయి.

“నాన్నా, తీ... తీ... తీగలో...”

“తీగ బాగా పెరిగిపోయి కిటికీకి అడ్డం పడుతోందంటావు, అంతేగా? నేనూ చూశానమ్మలూ. ఆదివారం సెలవేగా, దాని సంగతి తేలుస్తా.”

కూతురు కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన అప్పటికే టిఫిను డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటేశాడు.

ఇందులో తప్పేముందండీ అంటారు మీరు. కూతురికి నత్తి. మాట దగ్గర ఆగిపోతుంది. తండ్రి ప్రేమగా ఆ మాట అందించి, ఆమె కష్టం తప్పించాడు. పైగా పని కూడా చేసిపెడతానన్నాడు. ఇంతకంటే మంచి తండ్రి ఎక్కడ దొరుకుతాడు? ఆ వీధిలో అందరూ అలాగే అనుకునేవారు. ఆయనా అలాగే అనుకునేవాడు. ఆ కూతురు ఏమనుకునేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఎందుకంటే చివరిదాకా చెప్పనిచ్చినవాళ్ళు లేరు.

అందరూ ఆ పిల్లను అమ్మలు అనే పిలుస్తారు. చిన్నప్పుడు బళ్ళో ఒకరోజు పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తరగతి మొత్తం ఆ అక్షరాన్ని పట్టుకుని పాటలా పాడింది. ఆరోజు సాయంత్రం పిల్ల మంచం కిందికి దూరి ఎంతకీ బయటికి రాలేదు. తండ్రి నేలమీద బోర్లా పడుకుని చెయ్యి చాపి, “రా తల్లీ, ఇకమీదట నువ్వు ఎక్కడ ఆగిపోతే అక్కడ నేనుంటా, సరేనా?” అన్నాడు. ఆయన మాటంటే మాటే. దుకాణంలో ఆమె వేలు చూపిస్తే ఆయన పేరు చెప్పేవాడు. డాక్టరు ‘నొప్పి ఎక్కడ?’ అంటే ఆయన జవాబిచ్చేవాడు. చదువైపోయాక ఉద్యోగం కోసం ఒకచోటికి వెళ్తే, ఆయన కూడా లోపలికి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుని, అడిగిన ప్రతిదానికీ టకటకా చెప్పేశాడు. వాళ్ళు మర్యాదగా నవ్వి, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. ‘నోరు లేని పిల్లకి ఎవరిస్తార్లే’ అని ఆయన ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. పక్కగదిలో అమ్మలుకు నోరూ ఉంది, చెవులూ ఉన్నాయి.

సాయంత్రాలు ఆయన ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. కూతురు ఎదురొచ్చి ఆయన ముఖంలోకి చూస్తూ మొదలుపెట్టేది.

“నాన్నా, నీ గొం... గొంతు...”

“గొంతు పోయిందనేగా? రోజంతా మైకు ముందు అరిస్తే పోకేం చేస్తుంది. వేడినీళ్ళు పట్రా తల్లీ.”

ఆమె ఒక్క క్షణం నిలబడి, మాట మింగేసి, వేడినీళ్ళకు వెళ్ళేది. ఆయన భార్యవైపు తిరిగి, “చూశావా, ముఖం చూసే పట్టేస్తుంది” అని మురిసిపోయేవాడు. ఆ మాట అమ్మలు ఎన్ని ఏళ్ళుగా మొదలుపెడుతోందో, ఎన్ని గ్లాసుల వేడినీళ్ళుగా మారిపోయిందో లెక్కలేదు.

అమ్మలుకి పెరడంటే ప్రాణం. పెరడంటే పెద్దదేం కాదు. ఒక జామచెట్టు, ఒక నిమ్మ, బట్టలారేసే తీగ, వంటింటి కిటికీ పక్కన గోడెక్కిన కాగితంపూల తీగ. అంతే. అయినా అక్కడ ఏ ఎండకి ఏ పువ్వు వాలుతుందో, వానలకు ముందు చీమలు ఏ గోడ ఎక్కుతాయో, తేనెపిట్ట నిమ్మపూల దగ్గరికి ఏ పక్కనుంచి వస్తుందో ఆమెకు తెలుసు. ఎండలు ముదిరిన ఆ రోజుల్లో ఒక పిగిలిపిట్టల జంట ఆ కాగితంపూల తీగలోకి పుల్లలు మోసింది. తల మీద నల్లకుచ్చు, తోక కింద ఎర్రమచ్చ, గొంతులో నీళ్ళు పోసినట్టు చల్లటి కూత. ఆకుల చాటున దోసిలంత గూడు. అందులో ఇప్పుడు మూడు గుడ్లు పిల్లలయ్యాయి. ఒంటిమీద ఈకలేదు, కళ్ళు తెరవలేదు, నోళ్ళు మాత్రం ఇంతింత. ఆ పొద్దున ‘తీగలో’ అంటూ అమ్మలు పరుగెత్తుకొచ్చింది ఈ ముచ్చట చెబుదామనే.

ఇంకో ముచ్చట కూడా ఉంది. ఊళ్ళో లైబ్రరీలో పిల్లల విభాగానికి మనిషి కావాలి. అమ్మలు ఎప్పుడూ అక్కడ పక్షుల పుస్తకాల దగ్గరే కూర్చుంటుందని లైబ్రేరియన్ మేడమ్ చూసింది. ‘వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం పిల్లలకి పక్షుల గురించి ఒక గంట చెప్పు. పిల్లలు కూర్చుని వింటే ఆ ఉద్యోగం నీదే’ అంది. ఆ మాట విన్నప్పటినుంచి కంట్రోలరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“నువ్వేం కంగారుపడకు. నువ్వు బొమ్మలు చూపించు, నేను పక్కన నిలబడి చెప్పేస్తా. నా గొంతు ఊరంతా వింటుంది, ఆ పిల్లకాయలెంత?”

“ఉద్యోగం ఎవరికండీ, దానికా మీకా?” అంది భార్య. ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు మీద కూర్చుంటుంది. రోజూ పదిమంది మాటలు ఓపిగ్గా వినివచ్చే మనిషి.

“నీకు తెలీదులే. అందరిముందూ ఆగిపోతే నవ్వుతారు.”

భార్య ఇంకేదో అనబోయింది. ఆయన కత్తెర ఎక్కడుందని అటకమీద వెతకడం మొదలుపెట్టాడు.

*

ఆదివారం వచ్చింది. ఎండ ఇంకా నెత్తికెక్కకముందే ఆయన స్టూలేసుకుని, పెద్ద కత్తెరతో తీగ మీద పడ్డాడు. ఆయన కొమ్మలు కత్తిరించడం కూడా బస్సులు పంపడంలాగే ఉంటుంది. ఒకటి పడకముందే ఇంకోదాని మీద చెయ్యి. గులాబిరంగు పూలు నేలంతా రాలుతున్నాయి. ఎక్కడో దగ్గరలో ఒక పిట్ట గొంతు చించుకుని అరుస్తోంది. ఆయన దాన్ని చెవిన వేసుకోలేదు.

స్నానం చేసి వస్తున్న అమ్మలు ఆ అరుపు విని తడితలతోనే బయటికి పరుగెత్తింది.

“నాన్నా! ఆ... ఆ...”

“ఆ పైదా? అదీ తీసేస్తున్నాగా, కంగారెందుకు?”

“ఆ... ఆ... ఆగ...”

“ఆఁ ఆఁ, అయిపోయింది. ఇదొక్కటే.”

కత్తెర పడింది. బొటనవేలంత లావున్న కొమ్మ విరుచుకుని కిందికి ఒరిగింది. దాంతోపాటే ఆకుల గొడుగంతా జారిపోయింది. గోడకానుకుని గూడు బయటపడింది, ఒకపక్కకి వాలిపోయి. స్టూలు కాలి దగ్గర, సిమెంటు మీద, ఒక చిన్న గులాబిరంగు ముద్ద పడి ఉంది. అది కదల్లేదు.

కంట్రోలరు స్టూలు మీదే బిగుసుకుపోయాడు. గూట్లో మిగిలిన రెండు పిల్లలూ సూటిగా తగిలే ఎండలో మెడలెత్తి నోళ్ళు తెరిచాయి. పెద్దపిట్టలు రెండూ బట్టల తీగ మీదికీ, జామచెట్టు మీదికీ తిరుగుతూ ఒకటే గోల.

“అయ్యో... అయ్యయ్యో... గూడుందా ఇక్కడ?” ఆయన కూతురివైపు తిరిగాడు. భయంలో గొంతు పెరిగింది. “చెప్పొచ్చుగా అమ్మలూ!”

అమ్మలు నిలబడిపోయింది. తడిజుట్టులోంచి నీళ్ళు మెడమీదికి కారుతున్నాయి. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఆయనకు అందించడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. మొదటిసారి ఆ పిల్ల మాట తన దారిన తాను నడిచి వచ్చింది.

“చె... చె... చెప్తూనే... ఉన్నా నాన్నా.”

అంతే అంది. ఆ తర్వాత కిందికి వంగి, ఆ ముద్దను అరచేతిలోకి తీసుకుని, నిమ్మచెట్టు మొదట్లోకి నడిచింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. కత్తెర ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

భార్యే ముందు తేరుకుంది. “నిలబడి చూస్తారేం? నీడ కట్టండి!” అని కేకేసింది. ముగ్గురూ కలిసి తెగిన కొమ్మల్ని మళ్ళీ ఎత్తి తాడుతో గోడ మేకులకు కట్టారు. ముళ్ళకి చేతులు గీరుకుపోయాయి. గూడు వాలినవైపు అమ్మలు ఒక పుల్లల చట్రం ఊతంగా పెట్టింది. ఎండ తగలకుండా పైన ఒక పాత చాపముక్క కట్టారు. కట్టగానే కంట్రోలరు గూటి ముందు కాపలాగా నిలబడ్డాడు, కర్ర చేత పట్టుకుని. కాకి వస్తే దాని పని చెప్పాలని.

అమ్మలు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అర్థంకాక చూశాడు.

“మనిషి ముందు నిలబడితే పిట్టెట్లా వస్తుందండీ?” అంది భార్య. “లోపలికి రండి.”

వంటింటి కిటికీ వెనక ముగ్గురూ కూర్చున్నారు. కూర్చున్నారంటే ఆడవాళ్ళిద్దరూ కూర్చున్నారు. ఆయన నిలబడ్డాడు, నడిచాడు, కిటికీలోంచి తొంగిచూశాడు, మళ్ళీ నడిచాడు. జేబులో తాళాలు గలగలలాడుతున్నాయి. తల్లిపిట్ట ముక్కున పచ్చటి పురుగుతో బట్టల తీగ మీద వాలింది. తలొకసారి అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎగిరి జామకొమ్మ మీదికి పోయింది. మళ్ళీ తీగ మీదికి వచ్చింది. మళ్ళీ పోయింది.

“వెళ్ళవే తల్లీ, వెళ్ళు. అదుగో, అక్కడే ఉన్నాయి. కనపడట్లేదా దానికి? నేనొకసారి ఆ చాప కాస్త పక్కకి...” అంటూ తలుపువైపు అడుగేశాడు. పిట్ట రివ్వున గోడ దాటిపోయింది.

“బస్సు కాదండీ బాబూ అది, విజిలేస్తే కదలడానికి!” భార్య నెత్తి కొట్టుకుంది. “మీరు అడుగేసినప్పుడల్లా అది వెనక్కి పోతోంది. చూడ్డంలేదా?”

ఆయన ఆగిపోయాడు. ఎందుకో ఆ మాట ఎక్కడో తగిలింది. తిరిగొచ్చి ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

“నాన్నా, కూ... కూ...”

‘కూర్చో’ అనబోతోంది, కూర్చునే ఉన్నాగా, అనేద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. మూసుకోవడానికి చేత్తో అడ్డం కూడా పెట్టుకున్నాడు. చూస్తే నవ్వొచ్చేట్టున్నాడు, కానీ అక్కడెవరూ నవ్వలేదు.

“కూ... కూత వి... వినపడుతోందా?”

ఆయన చెవి ఒగ్గాడు. జామచెట్టు ఆకుల్లోంచి మగపిట్ట చిన్నగా పిలుస్తోంది. కొంచెం కూసి ఆగుతోంది. ఆగి, మళ్ళీ అందుకుంటోంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ ఆయన ఆ పిలుపు ఒక్కసారైనా వినలేదు. ‘కూర్చో’ అని తాను ముగించేసి ఉంటే ఈరోజూ వినేవాడు కాడు. మరి ఇంతకుముందు తాను ముగించేసినవన్నీ?

ఎంతసేపటికో తల్లిపిట్ట వచ్చింది. బట్టల తీగ మీద వాలింది, గోడమీద వాలింది, చాపముక్కను అనుమానంగా చూసింది. ఆయన ఊపిరి ఉగ్గబట్టుకున్నాడు. అది ఒక్క గెంతు గెంతి గూటి అంచు మీద నిలబడింది. రెండు నోళ్ళు లేచాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. భార్య మాత్రం చూసింది.

*

ఆ వారమంతా ఆయన మనసు మనసులో లేదు. బస్టాండునుంచి పోస్టాఫీసుకు ఫోన్ చేసి, “వచ్చిందా?” అనేవాడు. “నేను స్టాంపులమ్ముతున్నానండీ, పిట్టల్ని కాదు. పెట్టేయండి” అనేది భార్య.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. “బాబూ, రెండు గంటల బస్సు...” అంది. “నాలుగో ప్లాట్‌ఫాం, త్వరగా పదండి, కదుల్తోంది” అనేశాడు. ఆవిడ ఆ ఎండలో నాలుగో ప్లాట్‌ఫాం దాకా నడిచి, మళ్ళీ ఆయాసపడుతూ వెనక్కి వచ్చింది. “ఆ బస్సులో నిన్న నా సంచి మర్చిపోయాను బాబూ. ఎక్కడ అడగాలా అని” అంది. కోప్పడలేదు. ఆయనవైపు కోపంగా చూడనైనా లేదు. అలా తిరిగి రావడం ఆవిడకి అలవాటైన పనిలాగే ఉంది. కంట్రోలరు స్వయంగా లేచి వెళ్ళి ఆ సంచి వెతికి తెచ్చిచ్చాడు. ఆ తర్వాత చాలాసేపు మైకు ముందు ఊరికే కూర్చున్నాడు. తన తొందరలో పడి ఎంతమంది ఎక్కడెక్కడికి పోయి ఉంటారోనని మొదటిసారి అనిపించింది. అందరూ వెనక్కి వచ్చి చెప్పరు కదా.

పెరట్లో పిల్లలకు ఈకలు వచ్చాయి. శుక్రవారం మబ్బు పట్టి తొలివాన కురిసింది. గాలికి చాపముక్క ఎగిరిపోతుందేమోనని ఆయన కిటికీ దగ్గరే నిలబడ్డాడు. బయటికి మాత్రం వెళ్ళలేదు. గూటిమీద రెక్కలు పరిచి తల్లిపిట్ట తడుస్తూ కూర్చుంది. వాన వెలిశాక ఒళ్ళు విదిలించుకుని పురుగుల వేటకి పోయింది.

శనివారం సాయంత్రం అమ్మలు వచ్చి ఎదురుగా కూర్చుంది. మర్నాడే లైబ్రరీ. పక్కన నిలబడి తానే చెప్పేస్తానన్న మాట ఆయన వారం రోజులుగా ఎత్తలేదు. అలాగని దాన్ని వదులుకోనూ లేదు. పిల్లని అందరి మధ్యలో ఒంటరిగా ఎలా వదిలేస్తాడు? మంచం కింద దూరిన ఆ చిన్న ముఖం కళ్ళముందు కదులుతూనే ఉంది.

“నాన్నా. రే... రేపు నువ్వు రా.”

ఆయన ముఖం విప్పారింది.

“వె... వెనక కూర్చో. నేను మా... మాట దగ్గర ఆ... ఆగిపోతే...”

సాయం చెయ్యి అంటుంది. అదేగా. చేస్తానమ్మా, అనడానికి నాలుక కొసదాకా వచ్చింది. ఆయన పంటి బిగువున ఆపుకున్నాడు.

“...నువ్వు కూడా ఆగు.”

ఆయన తల ఊపాడు. ఊపడం అయితే ఊపాడు గానీ, అది తనవల్ల అవుతుందో కాదో ఆయనకే తెలియదు.

ఆదివారం పొద్దున కిటికీ తెరిచేసరికి గూడు ఖాళీ. ఆయన కాకి ఎత్తుకుపోయిందని కేకలు పెట్టబోతుంటే, అమ్మలు నవ్వుతూ నిమ్మచెట్టు వైపు వేలు చూపించింది. కింది కొమ్మ మీద తోక సరిగ్గా మొలవని రెండు పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. తల్లి పురుగు పట్టుకుని కాస్త దూరంలో వాలి పిలుస్తోంది. ఒక పిల్ల ఎగరబోయి తడబడి గడ్డిలో పడింది. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. లేచినవాడు అక్కడే ఆగి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల గడ్డిలో అటూ ఇటూ గెంతింది, చాలాసేపు. చివరికి కింది కొమ్మ మీదికి ఎగబాకింది. ‘హమ్మయ్య’ అని ముందు అన్నది ఆయనే.

*

లైబ్రరీలో పిల్లల గదిలో కుర్చీలన్నీ చిన్నవి. చివరి వరసలో ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాడు. పక్కన భార్య. గది నిండా పిల్లలు, గోడవారన వాళ్ళ తల్లిదండ్రులు. లైబ్రేరియన్ మేడమ్ రెండు మాటలు చెప్పి పక్కకు తప్పుకుంది. అమ్మలు ముందుకొచ్చింది.

“మా ఇ... ఇంట్లో ఒక గూడుంది. అది... పి... పి...”

మాట ఆగిపోయింది. అమ్మలు మెడ బిగుసుకుంది. కళ్ళు ఒకసారి మూసుకున్నాయి.

“పిచ్చుక!” అన్నాడు ముందు వరసలో ఒక పిల్లాడు హుషారుగా.

“పిల్లి!” అంది ఇంకో పిల్ల. గదంతా గొల్లున నవ్వింది. ఇదేదో పొడుపుకథ ఆట అనుకుని తలా ఒక మాట విసరడం మొదలుపెట్టారు. గోడవారన ఒక పెద్దాయన కూడా జాలిపడి, “పావురమా అమ్మా?” అన్నాడు.

కంట్రోలరుకు ఆ మాట తెలుసు. గొంతు దాకా వచ్చి కూర్చుంది. ఒక్క మాట, ఒక్కటే ఒక్క మాట, మైకు కూడా అక్కర్లేదు, అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆయన సగం లేచాడు. భార్య చెయ్యి పట్టుకోలేదు, ఆయన వైపు చూసింది, అంతే. ముందు నిలబడ్డ కూతురు కూడా ఆయన వైపే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. బట్టల తీగ మీద వాలి గూటివైపు చూసే పిట్ట గుర్తొచ్చింది ఆయనకు. తాను అడుగేస్తే అది వెనక్కి పోతుంది.

ఆయన కూర్చున్నాడు. చిన్న కుర్చీ కిర్రుమంది. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పెదవి పంటికింద నొక్కిపట్టాడు. జీవితంలో ఏ బస్సు కోసమూ ఆయన అంత ఎదురు చూడలేదు.

అమ్మలు చెయ్యెత్తింది. పిల్లలు సద్దుమణిగారు.

“పి... పి... పిగిలిపిట్ట.”

మాట వచ్చింది. గట్టిగా, స్పష్టంగా, పూర్తిగా వచ్చింది. కంట్రోలరు కళ్ళలో నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకునే పని కూడా పెట్టుకోలేదు.

“నాకు నత్తి” అంది అమ్మలు పిల్లలతో. “మాటకి టై... టైము పడుతుంది. మీరు నా బ... బదులు చెప్పకండి. నేనే చెప్తా. ఆగితే చాలు.”

ఆ తర్వాత గూడు కథ చెప్పింది. పుల్లలు మోయడం, మూడు పిల్లలు, ఒకటి పోవడం, రెండు మిగలడం, వాన, నిమ్మచెట్టు. మధ్యమధ్య మాట ఆగుతూనే ఉంది. ఆగినప్పుడల్లా పిల్లలు ఒకరినొకరు ‘ఉష్’ అనుకుంటూ ఆమె నోటివైపే చూస్తున్నారు. తర్వాతేమవుతుందోనన్న ఆత్రం తప్ప ఆ ముఖాల్లో ఇంకేమీ లేదు.

ఇందాక ‘పిచ్చుక’ అన్న పిల్లాడు చెయ్యెత్తాడు. “అక్కా, మాట రాకపోతే వేరేవాళ్ళు చెప్తే నీకు సాయం కాదా?”

అమ్మలు ఆ పిల్లాడి వైపు తిరిగింది.

“మా పిట్ట పా... పాట మధ్యలో ఆపుతుంది. మ... మళ్ళీ మొదలుపెడుతుంది. ఆపినప్పుడు జా... జామచెట్టు మీది ఇంకో పిట్ట వచ్చి మి... మిగతాది పాడదు. ఎందుకంటే అది దా... దాని పాట. అది ఎలా అయిపోతుందో దా... దానికే తెలుసు.”

గంట అయిపోయినా పిల్లలు కదల్లేదు. బయటికొస్తుంటే లైబ్రేరియన్ మేడమ్ వచ్చి, “కంట్రోలరు గారూ, ఈ ఊళ్ళో మీ గొంతు వినని వాళ్ళు లేరు. మీ అమ్మాయి గొంతు ఇవాళే విన్నాం. ఎక్కడ దాచారండీ ఇన్నాళ్ళూ?” అంది నవ్వుతూ. రేపటినుంచే పనిలోకి రమ్మంది. ఆవిడ సరదాకే అంది. ఆయనకు మాత్రం ఆ ప్రశ్న ఇంటిదాకా వెంటవచ్చింది.

సాయంత్రం ఆయన పెరటి గట్టుమీద కూర్చున్నాడు. నిమ్మచెట్టులో పిల్లల కిచకిచలు. అమ్మలు వచ్చి పక్కన కూర్చుంది.

“నాన్నా, నీ గొం... గొంతు...”

వేడినీళ్ళు, అనబోయాడు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? నాలిక్కరుచుకుని ఆగాడు. ఆమె ముఖంలోకి చూస్తూ, ఎన్నేళ్ళుగానో ఆగిపోతున్న ఆ మాటకోసం ఎదురుచూశాడు.

“నీ గొంతంటే నాకు చా... చాలా ఇష్టం. చి... చిన్నప్పుడు బడి అయిపోయాక బ... బస్టాండు గోడ అవతల కూర్చునేదాన్ని. నువ్వు మై... మైకులో ఊళ్ళ పేర్లు చదువుతుంటే వి... వినడానికి. ఎప్పటినుంచో చె... చెప్దామనుకుంటున్నా.”

ఆయన కూతురి చెయ్యి తీసుకుని రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఇంత మాటను పట్టుకుని రోజూ గ్లాసుడు వేడినీళ్ళు చేసి తాగేశాడు తాను.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! మీ ఇంట్లో, మీ బళ్ళో, మీ కౌంటరు అవతల ఎవరో ఒకరు మాట మధ్యలో ఆగే ఉంటారు. జాలితోనో, ప్రేమతోనో, తొందరతోనో ఆ మాట మీరు అందుకోకండి. పిట్ట వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఒక్క నిమిషం కూర్చోండి. ఆ మాట వాళ్ళది. వాళ్ళనే చెప్పనివ్వండి.